అనుభవం ఒక్కటే చాలదు: కుటుంబ చికిత్సకులను పర్యవేక్షకులుగా తీర్చిదిద్దవలసిన అవసరం

శస్త్రచికిత్స నేర్చుకునే రోజులలో మా చేతి పక్కన ఎప్పుడూ మరొక చేయి ఉండేది. మొదటిసారి కత్తి పట్టినప్పుడు నా వేళ్లు వణికితే, ఎదురుగా నిలబడిన ఆచార్యులు ఒక్క మాటయినా అనకుండా నా మణికట్టును పట్టుకుని ఒక అంగుళం పక్కకు జరిపారు. ఆ రోగికి ఆ సంగతి ఎన్నటికీ తెలియదు. తెలియనవసరమూ లేదు. నేర్చుకునేవాడి తప్పు రోగిని చేరకుండా మధ్యలో ఒక అనుభవజ్ఞుడు నిలబడి ఉండడమే వైద్యవిద్యకు ప్రాణం. 'వెయ్యిమందిని చంపితేగాని వైద్యుడు కాడు' అని మనవాళ్లు అనే మాట హాస్యానికే అయినా, ఆ లెక్కను వెయ్యి నుంచి సున్నా వైపు తీసుకురావడానికే ఈ ఏర్పాటంతా.

మనసుకూ, మనుషుల మధ్య ఉండే బంధాలకూ చేసే చికిత్సలో ఆ రెండవ చేయి ఎవరిది? చికిత్స గది తలుపు మూసి ఉంటుంది. లోపల భార్యాభర్తలు, పిల్లలు, ఒక్కొక్కసారి అత్తమామలు, వారి ఎదుట ఒక చికిత్సకురాలు. అక్కడ ఏ మాట ఎవరికి తగిలిందో, ఎవరి కన్నీరు ఎవరి పక్షాన లెక్కకు వచ్చిందో బయట ఎవరికీ తెలియదు. గాయం కనిపించదు కాబట్టి పొరపాటూ కనిపించదు. ఈ వ్యాసంలో నేను చెప్పదలచినది ఒక్కటే. మన తెలుగు రాష్ట్రాలలో కుటుంబ సలహాదారుల సంఖ్యను పెంచడంకంటే ముందు, ఉన్నవారిలో అనుభవజ్ఞులైన కొద్దిమందిని ఎంచి, వారిని శిక్షణ పొందిన పర్యవేక్షకులుగా తయారుచేసుకోవాలి. అనుభవం ఉన్నంత మాత్రాన ఎవరూ పర్యవేక్షకులు కారు. అది నేర్చుకోవలసిన మరొక విద్య.

ఈ విషయం నాకు పుస్తకాలకంటే ముందు ఒక కుటుంబం నేర్పింది.

కడుపునొప్పితో వచ్చిన అమ్మాయి

చాలా సంవత్సరాల క్రితం ఇంటర్మీడియట్ చదువుతున్న ఒక అమ్మాయి తరచు కడుపునొప్పితో నా వద్దకు వచ్చేది. పరీక్షలన్నీ చేయించాను. ఏ లోపమూ కనిపించలేదు. తల్లి పక్కనే కూర్చుని కూతురి తరపున సమాధానాలు చెప్పేది. తండ్రి గుమ్మం వద్ద నిలబడి గడియారం చూసుకునేవాడు. ఇంట్లో తల్లిదండ్రుల మధ్య మాటలు లేని రోజులలోనే ఆ నొప్పి వస్తున్నదని గ్రహించడానికి నాకు మూడు నెలలు పట్టింది. వారిని ఒక కుటుంబ చికిత్సకురాలి వద్దకు పంపాను. ఆమెకు అప్పటికే పదిహేను సంవత్సరాల అనుభవం, మంచి పేరు ఉన్నాయి.

నాలుగు సమావేశాల తరువాత తండ్రి వెళ్లడం మానివేశాడు. ఆరవ సమావేశానికి ఎవరూ వెళ్లలేదు. తల్లీకూతుళ్లు అమ్మమ్మగారింటికి చేరారు. కడుపునొప్పి ఆ ఇంటికి కూడా వెళ్లింది.

కొన్నేళ్ల తరువాత ఒక సభలో ఆ చికిత్సకురాలు కలిసినప్పుడు ఆ కుటుంబం ప్రస్తావన తానే తెచ్చింది. "డాక్టరుగారూ, ఆ తండ్రి గొంతు వినగానే నా ఎదురుగా మా నాన్నగారు కూర్చున్నట్టే ఉండేది. నాకు తెలియకుండానే ఆ తల్లి పక్షం వహించాను. అది నాకు అర్థమయ్యేసరికి వాళ్లు వెళ్లిపోయారు. ఆ మాట చెప్పుకోవడానికి అప్పట్లో నాకు ఒక మనిషి లేరు" అన్నది. ఒక నిమిషం ఆగి మరొక మాట కూడా అన్నది. "ఇప్పుడు నా దగ్గరికే పిల్లలు నేర్చుకోవడానికి వస్తున్నారు. వాళ్లకు ఏం చేయాలో చెప్పి పంపిస్తున్నాను. వాళ్లు నా మాటలే, నా గొంతుతోనే అక్కడ అప్పజెబుతున్నారు. ఇది నేర్పడం కాదేమోనని నాకు భయంగా ఉంది."

ఆమె నిజాయితీకి ఆనాడు నమస్కరించాను. ఆమె చెప్పిన రెండు మాటలలో రెండు వేర్వేరు లోటులు ఉన్నాయి. మొదటిది, చికిత్సకురాలికి పర్యవేక్షకులు లేకపోవడం. రెండవది, ఆ చికిత్సకురాలే పర్యవేక్షకురాలి స్థానంలో కూర్చోవలసి వచ్చినప్పుడు ఆ పనికి ఆమెను ఎవరూ సిద్ధం చేయకపోవడం. మొదటి లోటు గురించి అప్పుడప్పుడైనా మాట్లాడుకుంటున్నాము. రెండవ దానిని గురించి దాదాపుగా మాట్లాడుకోవడం లేదు.

పర్యవేక్షణ అంటే ఏమిటి?

సూపర్‌వైజర్ అనగానే మనకు భవన నిర్మాణం వద్ద హాజరుపట్టీ పట్టుకుని నిలబడిన వ్యక్తి గుర్తుకు వస్తాడు. చికిత్సారంగంలో క్లినికల్ సూపర్‌వైజర్ చేసే పని అది కాదు. ఒక చికిత్సకుడు తాను చేస్తున్న పనిని క్రమం తప్పకుండా మరొక అనుభవజ్ఞుని ముందు పరచి, దానిని ఇద్దరూ కలిసి పరిశీలించడమే పర్యవేక్షణ. ఇందులో మూడు ప్రయోజనాలు కలిసి ఉంటాయి. చికిత్స పొందుతున్నవారికి హాని జరగకుండా కాపాడడం ఒకటి. చికిత్సకుని నైపుణ్యాన్ని పెంచడం రెండవది. ఇతరుల దుఃఖాన్ని రోజంతా మోసే చికిత్సకుని మనసు కుంగిపోకుండా నిలబెట్టడం మూడవది. ఈ మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా అది పర్యవేక్షణ అనిపించుకోదు. మొదటిదే ఉంటే పోలీసు కాపలా అవుతుంది, మూడవదే ఉంటే స్నేహితుల కబుర్లు అవుతాయి.

ఈ సంప్రదాయానికి నూరేళ్లు దాటాయి. 1920లో బెర్లిన్ నగరంలో ఏర్పడిన మనోవిశ్లేషణ చికిత్సాలయంలో, నేర్చుకునేవారు తమ రోగుల చికిత్సను పెద్దల పర్యవేక్షణలో జరపడం శిక్షణలో ఒక భాగమయింది. కుటుంబ చికిత్స వచ్చిన తరువాత ఈ పద్ధతి రూపం మార్చుకుంది. అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో శాల్వడార్ మినూచిన్, జే హేలీ, బ్రౌలియో మొంటాల్వో 1960ల చివరలో పేదలు నివసించే పేటల నుంచి, పెద్ద పట్టాలు లేని స్థానికులను ఎంచి కుటుంబ చికిత్సకులుగా తయారుచేశారు. అది సాధ్యమైనది పర్యవేక్షణ వల్లనే. చికిత్స జరిగే గదికీ పక్క గదికీ మధ్య, ఒక వైపు నుంచి మాత్రమే కనిపించే అద్దం ఉండేది. అద్దం వెనుక కూర్చున్న గురువు అవసరమైనప్పుడు టెలిఫోను ద్వారా శిష్యునికి ఒక్క వాక్యం చెప్పేవారు. 1980లలో నార్వే దేశపు మనోవైద్యుడు టామ్ ఆండర్సన్ మరొక అడుగు ముందుకు వేశారు. అద్దం వెనుక బృందం ఏమనుకుంటున్నదో కుటుంబమే వినేలా ఏర్పాటు చేశారు. రహస్యంగా సాగే పరిశీలన ఆ విధంగా బహిరంగ సంభాషణ అయింది.

కుటుంబ చికిత్సలో ఇది మరింత అవసరం ఎందుకు?

ఒక వ్యక్తికి చికిత్స చేసేటప్పుడు ఎదురుగా ఒకరే ఉంటారు. కుటుంబంతో పనిచేసేటప్పుడు ఎదురుగా నలుగురు ఉంటారు, ఆ నలుగురి మధ్య ఆరు బంధాలు ఉంటాయి. ప్రతి ఒక్కరూ చికిత్సకుని తమ వైపు లాక్కోవాలని, తమకే తెలియకుండా, ప్రయత్నిస్తారు. ఏ కుటుంబమూ లేని మనిషి చికిత్సకుడు కాలేడు గనుక, ఆ లాగుడుకు లొంగే తావు ప్రతి చికిత్సకునిలోనూ ఉంటుంది.

మన ఇళ్లలో ఈ చిక్కు మరికొంత ఎక్కువ. మామగారి ఎదుట కోడలు కుర్చీలో కూర్చోవడమే కొన్ని ఇళ్లలో పెద్ద విషయం. 'ఇంటి గుట్టు లంకకు చేటు' అని వింటూ పెరిగినవారు గుట్టు విప్పడానికి ఎంతో ధైర్యం కూడగట్టుకుని వస్తారు. మేనరికపు సంబంధాలలో అత్తగారు మేనత్త కూడా అవుతుంది. అప్పుడు ఒక మాట రెండు వంశాలకు తగులుతుంది. ఇల్లరికం వచ్చిన అల్లుని మౌనానికి ఒక అర్థం, కట్నం బాకీ ఉన్న మామగారి మౌనానికి మరొక అర్థం. వయసులో చిన్నదైన చికిత్సకురాలు అరవై ఏళ్ల పెద్దమనిషిని ప్రశ్నించేటప్పుడు ఆమె నోట వచ్చే 'అండీ', ఆయన నోట వచ్చే 'అమ్మా', 'నువ్వు' కూడా చికిత్సలో భాగమే. అమెరికాలో ఉన్న కొడుకు వీడియో తెరపై, ఇక్కడి తల్లిదండ్రులు సోఫాలో కూర్చుని జరిగే సమావేశాలు నేడు సాధారణమయ్యాయి. ఎవరు ఎవరి కళ్లలోకి చూస్తున్నారో కూడా తెలియని ఆ పరిస్థితిలో ఒంటరి చికిత్సకుని చూపు ఒక్కటే సరిపోదు.

ఇక్కడ మరొక ఆసక్తికరమైన సంగతి చెప్పాలి. కుటుంబంలో జరుగుతున్నది తరచు పర్యవేక్షణ గదిలో కూడా పునరావృతమవుతుంది. ఏమీ చెప్పని కొడుకుతో విసిగిపోయిన తండ్రికి చికిత్స చేస్తున్న యువకుడు, తన గురువు వద్దకు వచ్చి తానూ ఏమీ చెప్పకుండా కూర్చుంటాడు. గురువుకు విసుగు వస్తుంది. ఇప్పుడు ఆ గురువు ఆ తండ్రి స్థానంలో ఉన్నాడు. దీనిని సమాంతర ప్రక్రియ అంటారు. 1955లో హెరాల్డ్ సెర్ల్స్ అనే మనోవైద్యుడు ఈ ప్రతిబింబాన్ని గుర్తించి రాశారు. శిక్షణ పొందిన పర్యవేక్షకుడు తన విసుగును గమనించి, 'ఈ గదిలో ఇప్పుడు మనిద్దరి మధ్య జరుగుతున్నదే ఆ ఇంట్లో కూడా జరుగుతున్నదేమో చూద్దామా?' అని అడుగుతాడు. శిక్షణ లేనివాడు విసుక్కుంటాడు. అనుభవం ఇద్దరికీ సమానమే కావచ్చు.

అనుభవం గురించి మన భ్రమ

'పాతికేళ్లుగా ఈ పనిలో ఉన్నారు, ఆయనకు ఇంకా శిక్షణ ఏమిటి?' అని మీరు అడగవచ్చు. వైద్యులమైన మేమూ ఇదే పొరపాటు చేస్తాము. పరిశోధనలు మాత్రం మన అహంకారాన్ని అంతగా సమర్థించడం లేదు. 2016లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 170 మంది చికిత్సకులను, వారి వద్ద చికిత్స పొందిన ఆరున్నర వేలకు పైగా రోగులను సగటున ఐదేళ్లకు కొంచెం తక్కువ కాలం పాటు పరిశీలించారు. అనుభవం పెరిగినకొద్దీ చికిత్సా ఫలితాలు సగటున మెరుగుపడలేదు. స్వల్పంగా తగ్గాయి కూడా. కొందరు చికిత్సకులు మెరుగుపడిన మాట నిజమే. కాని కాలం గడవడమే అందరినీ మెరుగుపరచలేదు. 2012లో ప్రచురితమైన మరొక పరిశీలనలో 129 మంది మానసిక ఆరోగ్య నిపుణులను, తోటివారితో పోల్చుకుని తమ నైపుణ్యాన్ని అంచనా వేసుకోమన్నారు. సగటుకంటే తక్కువని తనను తాను భావించినవారు ఒక్కరు కూడా లేరు.

కారణం ఊహించడం కష్టం కాదు. తప్పు జరిగినప్పుడు తెలియజేసే వ్యవస్థ లేనప్పుడు అనుభవం అలవాటుగా గట్టిపడుతుంది. నేను ఇచ్చిన మందు పనిచేయకపోతే జ్వరం తగ్గదు, థర్మామీటరు నాకు ఆ మాట చెబుతుంది. కుటుంబ చికిత్సలో అసంతృప్తి చెందిన కుటుంబం ఏమీ చెప్పదు. రావడం మానివేస్తుంది. ఆ మౌనాన్ని 'వాళ్లకు మారే ఇష్టం లేదు' అని అర్థం చేసుకోవడం ఎవరికైనా సులువు.

అయితే పర్యవేక్షణ వల్ల ఫలితం ఉంటుందా? ఆస్ట్రేలియాలో జరిగి 2006లో ప్రచురితమైన ఒక పరీక్షలో, కుంగుబాటుతో బాధపడుతున్న 127 మందిని పర్యవేక్షణ ఉన్న చికిత్సకులకూ, లేని చికిత్సకులకూ యాదృచ్ఛికంగా కేటాయించారు. పర్యవేక్షణ ఉన్నవారి వద్ద రోగికీ చికిత్సకునికీ మధ్య అనుబంధం బాగుంది, లక్షణాలు ఎక్కువగా తగ్గాయి, మధ్యలో మానివేసినవారు తక్కువ. అది వ్యక్తులకు చేసిన చికిత్స, కుటుంబాలకు చేసినది కాదు. ఇటువంటి పటిష్ఠమైన పరీక్షలు ఇంకా కొద్దిగానే ఉన్నాయి. కాబట్టి పర్యవేక్షణ సర్వరోగ నివారిణి అని నేను చెప్పను. నేర్చుకునేవారి ధైర్యం, నైపుణ్యం పెరుగుతాయనడానికి ఉన్నంత ఆధారం రోగి కోలుకోవడం విషయంలో ఇంకా సమకూడవలసి ఉంది. అయినా పర్యవేక్షణ లేని శస్త్రచికిత్సను మనం ఊహించనైనా ఊహించలేనప్పుడు, ఒక కాపురాన్ని ఒంటరి చేతులకు ఎలా అప్పగిస్తాము?

చికిత్స ఒక విద్య, పర్యవేక్షణ మరొక విద్య

ఆవకాయలో ఉప్పు ఎంత వేయాలని మా అమ్మమ్మను అడిగితే 'చాలినంత' అనేది. ఆమె ఆవకాయ ఏడాదంతా చెడేది కాదు. కాని ఆ 'చాలినంత' నుంచి కొత్తగా కాపురానికి వచ్చిన అమ్మాయి నేర్చుకోగలిగింది ఏమీ లేదు. ఎంత గొప్ప నైపుణ్యమో అంతగా అది చేతిలోకి ఇంకిపోయి మాటలకు అందకుండా పోతుంది. అనుభవజ్ఞుడైన చికిత్సకుడు ఏ క్షణంలో ఎందుకు మౌనం వహించాడో ఆయనే చెప్పలేడు. ఇంకిన దానిని తిరిగి మాటలలోకి తోడుకోవడం పర్యవేక్షకునికి కావలసిన మొదటి శిక్షణ.

రెండవది, కుర్చీ మారడం. చికిత్సకుడు కుటుంబాన్ని చూస్తాడు. పర్యవేక్షకుడు ఆ కుటుంబాన్ని చూస్తున్న చికిత్సకుని చూడాలి. సమర్థుడైన చికిత్సకునికి ఇది చాలా కష్టం. శిష్యుడు ఒక కుటుంబం గురించి చెప్పడం మొదలుపెట్టగానే ఆయన మనసు ఆ కుటుంబానికి చికిత్స చేయడం ఆరంభిస్తుంది. 'ముందు ఆ అత్తగారిని పిలిపించు' అంటాడు. సలహా మంచిదే కావచ్చు. కాని శిష్యుడు తన కళ్లతో చూడడం ఆ రోజు నేర్చుకోలేదు. 1979లో జానిన్ బెర్నార్డ్ ప్రతిపాదించిన నమూనా ప్రకారం పర్యవేక్షకుడు సందర్భాన్ని బట్టి ఉపాధ్యాయునిగా, సలహాదారునిగా, సహచర సంప్రదింపుదారునిగా మారగలగాలి. ఏ సమయంలో ఏ పాత్ర అవసరమో గుర్తించడమే అసలు నైపుణ్యం.

మూడవది, హద్దులు తెలియడం. శిష్యురాలి సొంత కుటుంబపు గాయం చికిత్సలో అడ్డుపడుతున్నప్పుడు దానిని తాకాలి. అయితే ఆమెకే చికిత్స మొదలుపెట్టకూడదు. నేను చెప్పిన చికిత్సకురాలి విషయంలో, 'ఆ తండ్రి మాట్లాడుతున్నప్పుడు మీకు ఎవరు గుర్తుకు వస్తున్నారు?' అన్న ఒక్క ప్రశ్న చాలేది. ఆమె తన వంశవృక్షాన్ని మూడు తరాల వరకు కాగితంపై గీసి, ఎవరితో ఎవరికి దగ్గరితనం, ఎవరితో ఎడబాటు అని గుర్తులు పెట్టుకుని చూసుకొని ఉంటే మరీ మంచిది. కుటుంబ చికిత్సలో దీనిని జీనోగ్రామ్ అంటారు. తన పటాన్ని గుర్తుపట్టినవారికి ఎదుటివారి పటంలో దారి తప్పే అవకాశం తగ్గుతుంది.

నాలుగవది, చేదు మాట చెప్పగలగడం. శిష్యుని పని బాగా లేదని, ఇప్పుడే ఒంటరిగా కుటుంబాలను చూడవద్దని, ఎదుట కూర్చోబెట్టి గౌరవంగా చెప్పాలి. మన సమాజంలో గురువు తిట్టవచ్చు, లేదా మొహమాటపడి ఊరుకోవచ్చు. స్పష్టంగా, ఆధారాలతో, అవమానం లేకుండా మదింపు చేయడం మనకు అంతగా అలవాటు లేదు. హాని జరిగే సూచన కనిపించినప్పుడు, ముఖ్యంగా ఇంట్లో హింస గాని, పిల్లలపై లైంగిక అత్యాచారం గాని, ఆత్మహత్య ఆలోచన గాని ఉన్నప్పుడు, పర్యవేక్షకుడు సలహాదశ దాటి బాధ్యత స్వీకరించాలి. కొట్టే భర్తను, దెబ్బలు తిన్న భార్యను ఒకే గదిలో కూర్చోబెట్టి 'ఇద్దరూ సర్దుకోండి' అని చెప్పించిన చికిత్స ప్రమాదకరమైనది. దానిని ఆపగలిగేది పర్యవేక్షకుడే.

వారిని ఎలా తయారుచేయాలి?

ఇందుకు ఆనవాళ్లు ఇప్పటికే ఉన్నాయి. అమెరికాలో 1942లో ఆరంభమైన వివాహ, కుటుంబ చికిత్సకుల జాతీయ సంఘం 'ఆమోదిత పర్యవేక్షకులు' అనే ప్రత్యేక హోదాను ఇస్తున్నది. అక్కడ చాలాకాలం అమలులో ఉన్న నియమావళి ప్రకారం, అనుభవజ్ఞుడైన చికిత్సకుడు 30 గంటల పాఠ్యక్రమం పూర్తిచేసి, ఏడాదిన్నర నుంచి రెండేళ్లలో 180 గంటల పాటు ఇతరులను పర్యవేక్షించాలి. ఆ కాలంలో 36 గంటలు తన పర్యవేక్షణను మరొక గురువు ముందు పెట్టాలి. ఈ చివరి అంశం గమనించండి. పర్యవేక్షకునికి కూడా పర్యవేక్షకుడు ఉంటాడు. పాఠం విన్నందుకు పట్టా ఇవ్వడం కాదు, పని చేస్తుండగా చూసి ఇవ్వడం.

మన దేశానికి కుటుంబంతో కలిసి చికిత్స చేయడం దిగుమతి సరుకు కాదు. 1950లలోనే అమృతసర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ రోగుల బంధువులను రప్పించి, ఆవరణలో గుడారాలు వేయించి, రోగులతో పాటు ఉంచారు. వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాల మానసిక ఆరోగ్య కేంద్రంలో రోగితో పాటు బంధువు కూడా ఉండడం సంప్రదాయంగా వచ్చింది. బెంగళూరు నిమ్హాన్స్ లో కుటుంబాల చికిత్సకు ప్రత్యేక విభాగం ఉంది. క్లినికల్ సైకాలజీ వంటి కోర్సులలో విద్యార్థులకు పర్యవేక్షణ ఉంటుంది. లోటు ఆ తరువాతి దశలో ఉంది. పట్టా చేతికి వచ్చి బోర్డు కట్టిన తరువాత ఆ పనిని చూసేవారు లేరు. మన దేశంలో కుటుంబ చికిత్సకునికే ప్రత్యేకమైన లైసెన్సు లేనప్పుడు, పర్యవేక్షకునికి ప్రత్యేక అర్హత అనే ఊహ మన ఆచరణలో పాదుకోకపోవడం ఆశ్చర్యం కాదు. మరోవైపు అవసరం పెరుగుతున్నది. 1984 నాటి కుటుంబ న్యాయస్థానాల చట్టం రాజీకి, సలహాదారుల సేవలకు చోటు కల్పించింది. 2022 అక్టోబరు 10న మొదలైన టెలీమానస్, 14416 సంఖ్య ద్వారా తెలుగులోనూ సేవలు అందిస్తున్నది. ఆ ఫోన్లు ఎత్తేవారి వెనుక, ఆ రాజీలు కుదిర్చేవారి వెనుక ఎవరు నిలబడాలి?

నా సూచన చిన్నది. కొత్త భవనాలు గాని, కొత్త చట్టం గాని అవసరం లేదు. హైదరాబాదు, విశాఖపట్నం, తిరుపతి వంటి వైద్యవిద్యా కేంద్రాలు ఉన్న నగరాలలో పదేళ్లకు పైగా కుటుంబాలతో పనిచేసినవారిని పదిమంది చొప్పున ఎంచుకోవాలి. ఎంపికకు ఒకే గీటురాయి ఉండాలి. తన చికిత్సను, కుటుంబం అనుమతితో, ఇతరులు చూడడానికి ఒప్పుకునేవారే అర్హులు. తన తలుపు తెరవనివారు ఇతరుల తలుపు తట్టలేరు. ఒక ఏడాది పాటు నెలకు రెండు రోజులు వారికి పాఠాలు, అభ్యాసం ఉండాలి. మొదటి మూడు నెలల తరువాత ఒక్కొక్కరూ ఇద్దరు యువ చికిత్సకులను పర్యవేక్షించడం ఆరంభించాలి. ఆ సంభాషణల రికార్డులను పెద్ద గురువుతో కలిసి తిరిగి వినాలి. 'ఇక్కడ మీరు ప్రశ్న అడిగారా, జవాబు చెప్పారా?' అన్న దగ్గర ఆగి ఆలోచించాలి. ఈ పనంతా తెలుగులోనే జరగాలి. కుటుంబం ఏడ్చింది తెలుగులో అయినప్పుడు, దాని చర్చ ఇంగ్లీషులోకి మారగానే 'అలగడం', 'దెప్పిపొడవడం', 'ముభావంగా ఉండడం' వంటి మాటలలోని సూక్ష్మమంతా జారిపోతుంది.

వచ్చే అభ్యంతరాలు

'అసలే చికిత్సకులు తక్కువ. ఉన్న మంచివారిని కూడా రోగుల నుంచి తప్పిస్తే ఎలా?' అన్నది న్యాయమైన ప్రశ్న. వారానికి నాలుగు గంటలు పర్యవేక్షణకు కేటాయిస్తే, ఆ పెద్ద చికిత్సకురాలు చూడవలసిన కుటుంబాలు కొన్ని తగ్గుతాయి. నిజమే. కాని నలుగురు యువ చికిత్సకులు చూసే కుటుంబాలకు ఆమె చూపు అందుతుంది. విత్తనపు వడ్లను కూడా వండుకు తిన్న రైతుకు మరుసటి ఏడు ఏమి మిగులుతుంది?

'కుటుంబ రహస్యాలు మరొకరి ముందు పెట్టడం తప్పు కాదా?' అని మరికొందరు అడుగుతారు. కుటుంబానికి ముందుగా చెప్పి, వారి అంగీకారం తీసుకుని, పేర్లు తొలగించి చర్చించడమే పద్ధతి. పర్యవేక్షకునికీ గోప్యత నియమం అంతే కఠినంగా వర్తిస్తుంది. దాచవలసింది కుటుంబపు పేరును. చికిత్సకుని పొరపాటును దాచడానికి గోప్యత అడ్డుతెర కాకూడదు.

ఇక ఖర్చు. పర్యవేక్షకుని గంటకు ప్రతిఫలం ఇవ్వాలి. పెద్దరికం పేరిట ఆ పనిని ఉచితంగా చేయమంటే మొదటి రద్దీకే అది మూలపడుతుంది. చికిత్సకులను నియమించే ఆసుపత్రులు, స్వచ్ఛంద సంస్థలు, ప్రభుత్వ శాఖలు జీతంతో పాటు ఈ గంటను కూడా ఉద్యోగంలో భాగంగా లెక్కించాలి.

మీరు చేయగలిగినది

ఇదంతా నిపుణుల వ్యవహారమని, మీకు సంబంధం లేదని అనుకోవద్దు. మీ ఇంటి సమస్యతో ఒక కుటుంబ సలహాదారు వద్దకు వెళ్లినప్పుడు చదువు ఏమిటని, అనుభవం ఎంతని అడుగుతారు. ఇకపై మూడవ ప్రశ్న కూడా అడగండి. 'మీ పనిని మీరు ఎవరితో సంప్రదిస్తుంటారండీ?' మర్యాదగా అడగండి. సమర్థులైన చికిత్సకులు ఈ ప్రశ్నకు నొచ్చుకోరు. 'నెలకు రెండుసార్లు ఫలానా పెద్దలతో చర్చిస్తాను' అని సంతోషంగా చెబుతారు. 'నాకు ఎవరి అవసరమూ లేదు' అన్న జవాబు వస్తే అది ధైర్యానికి గుర్తు అనుకోవద్దు. ఆ ప్రశ్న పదిమంది అడిగితే ఒకరిద్దరు ఆలోచిస్తారు. వందమంది అడిగితే ఒక ఏర్పాటు పుడుతుంది.

ఆ కడుపునొప్పి అమ్మాయి ఆ తరువాత ఏమయిందో నాకు తెలియదు. ఆ చికిత్సకురాలు మాత్రం ఇప్పటికీ పనిచేస్తున్నది. తన వద్దకు వచ్చే యువతీయువకులకు సలహాలు చెప్పడం తగ్గించి ప్రశ్నలు అడగడం నేర్చుకున్నానని, అదీ పొరుగు రాష్ట్రంలో ఒక గురువు వద్ద రెండేళ్లు శిక్షణ పొందిన తరువాతనే సాధ్యమయిందని ఈ మధ్య ఫోనులో చెప్పింది. "ఇప్పుడు వాళ్లు నా గొంతుతో మాట్లాడడం లేదు డాక్టరుగారూ, వాళ్ల గొంతుతో మాట్లాడుతున్నారు" అన్నది. అంతదూరం వెళ్లి నేర్చుకునే ఓపిక, స్తోమత అందరికీ ఉండవు. ఆ అవకాశం మన గడపలోనే ఉండాలని కోరడమే ఈ వ్యాసం ఉద్దేశం.